కావాలని ఒక తప్పు

“ఒక తప్పు పెట్టు బేటా,” అన్నాడు చంద్రవదన్‌భాయ్ కరకరలాడే ఫాఫ్డా ముక్క విరుచుకుని తింటూ.

కిన్నరి డ్రాయింగ్ మీద నుంచి తలెత్తింది. “ఉన్న తప్పులు ఏరడానికే నాలుగు రోజులు కళ్లు పోయేలా చూశాను. మళ్లీ కొత్తది పెట్టమంటారేంటి భాయ్?”

వడోదరలోని ఆ డిజైన్ ఆఫీసులో కిన్నరి సొంతంగా చేసిన మొదటి ప్రాజెక్టు అది. సావ్లీ దగ్గర రాబోయే రంగుల ఫ్యాక్టరీలో ఏ షెడ్డు ఎక్కడ, ఏ ట్యాంకు ఎక్కడ, రోడ్లు ఎటు అన్నది తేల్చే తొలి ప్లాను. ఈ రోజు ఫ్యాక్టరీ వాళ్ల చీఫ్ ఇంజనీరు ఠాకోర్‌భాయ్ సంతకం పెడితే వానలకు ముందే పునాదులు పడతాయి. లేదంటే పని దీపావళి దాకా ఆగుతుంది, ప్రాజెక్టు ముంబై ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఆ మాట బాసు పొద్దున్నే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“ఠాకోర్‌భాయ్ సంగతి నీకు తెలీదు,” అన్నాడు చంద్రవదన్‌భాయ్. ముప్పై ఏళ్లుగా ఆ ఆఫీసులో ప్లాన్లు గీస్తున్న మనిషి. “ఎర్ర పెన్నుతో ఒక్క సున్నా అయినా చుట్టందే ఆయనకు తిన్నది అరగదు. తప్పు దొరక్కపోతే ఎక్కడో దాచామని అనుమానపడి డ్రాయింగ్ ఇంటికి పట్టుకుపోతాడు. ఇక నెల దాకా తిరిగిరాదు. అందుకే మేమే ఒకటి పెడతాం. చిన్నది, కంటికి ఆనేది. దొరికిందన్న సంబరంలో సంతకం గీకేస్తాడు.”

“అది మోసం కదా?”

“మోసమేంటి, మర్యాద. ఆకలితో వచ్చిన అతిథికి ఖాళీ కంచం పెడతామా? వాచ్‌మన్ గది తలుపు గోడవైపు తిప్పు, చాలు. ఇంకోటైనా నీ ఇష్టం. ఏం పెట్టావో మాత్రం నాకు చెప్పకు. నా మొహంలో ఏదీ దాగదు.”

కిన్నరి గొణుక్కుంటూ కంప్యూటర్ ముందుకు వెళ్లింది. అరగంట తర్వాత కొత్త ప్రింటు తెచ్చి బల్ల మీద పరిచింది.

మూడింటికి ఠాకోర్‌భాయ్ వచ్చాడు. టీ వద్దన్నాడు. గేటు దగ్గర మొదలుపెట్టి, వేలితో రోడ్డు వెంట నడిచాడు. గిడ్డంగి దాటాడు, బాయిలర్ దాటాడు, పెన్ను మూత మాత్రం తియ్యలేదు. చంద్రవదన్‌భాయ్‌కి చెమటలు పట్టాయి.

రసాయనాల ట్యాంకుల వెనక వేలు ఆగింది.

“ఏం కిన్నరిబెన్, ఇక్కడ నిప్పంటుకుంటే ఫైరింజన్ ఇలా లోపలికి వెళ్తుంది. మరి బయటికి?”

కిన్నరి వంగి చూసింది. రోడ్డు చివర కూలింగ్ టవర్ అడ్డంగా కూర్చుని ఉంది. నాలుక్కరుచుకుంది.

“మంటల్లోంచి రివర్సులో రమ్మంటావా డ్రైవర్ని?” ఠాకోర్‌భాయ్ పొట్ట ఊగేలా నవ్వాడు. ఎర్రగా సున్నా చుట్టి, టవర్‌ని ఇరవై మీటర్లు జరుపుతూ తనే గీత గీసి, పక్కనే సంతకం పెట్టాడు. వద్దన్న టీ అడిగి మరీ తాగి వెళ్లాడు.

కారు గేటు దాటగానే చంద్రవదన్‌భాయ్ చప్పట్లు కొట్టాడు. “తలుపు తిప్పమంటే ఏకంగా ఫైరింజన్నే ఇరికించావు. ఏం గుండె బేటా నీది. ఆ నాలుక్కరుచుకోవడం, ఆ పాలిపోయిన మొహం, అబ్బ, నాకే నిజమనిపించింది. ముప్పై ఏళ్లలో ఇంత మంచి తప్పు ఎవరూ పెట్టలేదు.”

కిన్నరి గ్లాసెడు నీళ్లు గటగటా తాగింది.

“ఉన్నదే మళ్లీ సరిచూసి ప్రింటు తీశాను. నేను అసలు ఏ తప్పూ పెట్టలేదు భాయ్.”