పావురం మెడ రంగు

మాస్టర్ రెండు కత్తుల్నీ తెచ్చి మేనేజరు బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

“ఇక మీరే చూడండి సార్,” అన్నాడు చేతులు కట్టుకుని.

ఆ రోజు మాట్లాడినంత బాగా తన జన్మలో ఎన్నడూ మాట్లాడలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పుకుని, నెత్తి మీద తనే ఓ మొట్టికాయ వేసుకుంటాడు.

సంగతేమిటంటే, కార్ఖానాలో రెండో షిఫ్టు ఎత్తేశారు. క్యాంటీన్లో ఉన్న ఇద్దరు వంటవాళ్లలో ఇక ఒకరే ఉండాలి. పొద్దుటి వంట మాస్టర్‌ది. సాయంత్రం వంట ఓ నెమ్మదస్తురాలిది. మాస్టర్ని ‘అన్నయ్యగారూ’ అనడానికి తప్ప పెద్దగా నోరు విప్పేది కాదు. ఇద్దరూ పదకొండేళ్ల కిందట ఒకే రోజు చేరారు. ఇద్దరి వంటకీ వంక పెట్టినవాళ్లు లేరు. మేనేజరుకి ఏమీ పాలుపోక ఇద్దర్నీ పిలిపించి, “ఎవర్ని ఉంచాలో మీరే చెప్పండి” అని చేతులెత్తేశాడు.

మాస్టర్‌కి ఇంకో కొలువు దొరికే వయసు కాదు. ఆవిడకీ కాదనుకోండి. కానీ ఆ పూట ఆయనకి ఆ సంగతి తట్టలేదు. పరుగున వంటగదిలోకి వెళ్లి, గోడ మేకులకి వేలాడే కత్తులు రెండూ పట్టుకొచ్చాడు.

అవి కవలలు. చేరిన రోజునే ఒకే కొట్లో కొని చెరొకటీ ఇచ్చారు. తళతళలాడే స్టీలు రకం కాదు, పచ్చి ఉక్కు. పైన పూతా గీతా ఏమీ ఉండదు. సరిగ్గా చూసుకుంటే పదును నిలుస్తుంది. లేదంటే తుప్పుకి భోజనమైపోతుంది.

ఇప్పుడు వాటిని చూస్తే కవలలని ఎవరూ అనరు. ఒకదాని ఒళ్లంతా నీలం కలిసిన నలుపు. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పావురం మెడలా రంగులు మారుతోంది. రెండోది ఎర్రగా, గరుగ్గా ఉంది. వేలితో రాస్తే ఇటుక పొడి రాలుతోంది.

“రెండూ పాడైనట్టే ఉన్నాయి కదయ్యా!” అన్నాడు మేనేజరు.

మాస్టర్ ఆ మాట కోసమే కాచుక్కూచున్నాడు.

“అక్కడే పొరబడ్డారు సార్! ఆ ఎర్రది తుప్పు. ఉక్కుని తినేస్తుంది. ఈ నల్లది నిగ్గు. ఉక్కుని కాపాడుతుంది. ఉల్లి ఘాటు, టమాటా పులుపు, మాంసం నెత్తురు... ఇన్నేళ్లు కోస్తే పొర మీద పొర పట్టి ఈ రంగొచ్చింది. కొందామన్నా దొరకదు.”

“ఏం చేస్తే వస్తుందిది?” మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“వాడాలి సార్, అంతే! తోమడాలూ తుడవడాలూ నాకు తెలీవు. పని కాగానే అలాగే పలక మీద పడేసి ఇంటికెళ్లిపోతా. మర్నాడు మేకు మీంచి తీస్తే పొడిగా, నున్నగా ఉంటుంది. చెయ్యి మరిగిన కత్తికి నీళ్లంటవు. తామరాకే అనుకోండి!”

కథ చెప్పేటప్పుడు ఈ ముక్క దగ్గర ఆయన తప్పకుండా ఆగుతాడు. “ఆ మాటన్న నోట్లో ఓ ఉల్లిపాయ కుక్కేవాడు లేకపోయాడు” అంటాడు.

“మరి ఈ తుప్పుది?” అడిగాడు మేనేజరు.

“చెప్పకూడదు గానీ...” అంటూ మాస్టర్ అన్నీ చెప్పాడు. “పనిముట్టుని చూస్తే మనిషి తెలిసిపోతాడు సార్. కత్తినే ఇలా వదిలేసినవాళ్లు రేపు గ్యాసు కట్టేయకుండా వదిలేయరని ఏమిటి నమ్మకం? ఈ తుప్పుముక్కతో ఆవిడ ఎలా తరుగుతుందో ఆ దేవుడికే తెలియాలి. అబద్ధమెందుకు, తరిగిన ముక్కలు మాత్రం దారాల్లా ఉంటాయి. అదేం చిత్రమో!”

తలుపు పక్కన నిలబడ్డ ఆవిడ ఓ అడుగు ముందుకేసింది.

“అన్నయ్యగారూ, వద్దండీ. ఆ కత్తుల మాట వదిలేయండి.”

“అదుగో! ఎందుకు వదలాలమ్మా?” అన్నాడు మాస్టర్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేనని మురిసిపోయాడు.

“మీ మేలు కోరే చెబుతున్నాను. ఇంకేదైనా చూసి తేల్చమనండి.”

“కుదరదు. కత్తే తేల్చాలి!”

మేనేజరుకీ పని తేలికైంది. తెల్లకాగితం మీద ‘నల్ల కత్తి ఎవరిదో వారే ఉంటారు, తుప్పు కత్తివారు వెళ్లిపోతారు’ అని రాసి ముందుకు తోశాడు.

“తర్వాత మాట మార్చకూడదు మాస్టర్.”

“మారిస్తే నా పేరే మార్చండి!” మాస్టర్ కలం లాక్కుని, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాడు.

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు. “మీరేమంటారమ్మా?”

ఆవిడ మాస్టర్ వంక జాలిగా చూసింది.

“చేరిన వారానికే అన్నయ్యగారు పొరపాటున నా కత్తి పట్టేశారండీ, అడగడానికి మొహమాటపడి, రోజూ ఆయన వెళ్లాక కడిగి తుడిచి నూనె రాసి దాంతోనే తరుక్కుంటున్నాను గానీ, ఆయనది ఆ మేకు మీంచి ఇవాళే కిందికి దిగింది.”