సున్రే బ్యాటరీ

"ఏమ్మా సున్రే, ఇది బ్యాటరీయా, రేకు డబ్బానా?"

సైకిల్ క్లబ్బు ప్రెసిడెంటు ప్యో తన బూటు కొనతో ఆ నల్ల పెట్టెను తట్టాడు. పాత సైకిలు, దాని కడ్డీకి తాడుతో బిగించిన పెట్టె, అందులోంచి వేలాడే ఒక తీగ. సువాన్బో లాడ్జి ముందు మెరిసిపోతున్న ఎలక్ట్రిక్ సైకిళ్ళ మధ్య అది పిలవని పెళ్ళికి వచ్చినట్టుంది.

"చవకలో ఇదే కుదిరింది సార్," అంది సున్రే.

"చవకట! దూరప్రయాణానికి బ్యాటరీ ఎంచుకోవడమంటే బజార్లో ముల్లంగి బేరమాడటం అనుకున్నావా? నాది చూడు. రెండు నెలల పింఛను పోశాను."

అతను తన బ్యాటరీని మనవడి వీపు నిమిరినట్టు నిమిరాడు. సొంత మనవడిని ఎప్పుడూ అలా నిమిరిన పాపాన పోలేదు.

"రాత్రి మేమంతా ప్లగ్గుల కోసం కొట్టుకుంటుంటే ఈవిడ చార్జింగే పెట్టలేదండీ," అన్నాడు కోశాధికారి టాక్.

"పొద్దున్నే నింపుకున్నానండీ."

"ఏదో నూనె వాసన కూడా వస్తోంది. కారుతున్నట్టుంది," అని ప్యో ముక్కు మూసుకున్నాడు. అందరూ నవ్వారు. "రూలు గుర్తుందిగా? బ్యాటరీ లేని సైకిలు మన యాత్రలో ఉండకూడదు. కొండ మీది కనుమ ఎక్కేలోపు ఎవరి బ్యాటరీ చస్తే వాళ్ళు బస్సెక్కి ఇంటికే. క్లబ్బులోంచి పేరు కొట్టేస్తాం."

సున్రే మొహం చిన్నబోయింది. ఏడాదిగా ఈ యాత్ర కోసమే ఎదురుచూస్తోంది పాపం. ప్యో మాత్రం ఆమె కోసం బస్సు టైము కూడా కనుక్కుని ఉంచాడు.

ఇహ్వా కనుమ మొదలైంది. మలుపు తిరిగినప్పుడల్లా ప్యో వెనక్కి చూశాడు. అందరికన్నా వెనక, రొప్పుతూ, సున్రే ఎర్ర టోపీ వస్తూనే ఉంది. అతనికి ఒళ్ళు మండింది. ఆమె కళ్ళకు కనపడకుండా పోవాలని మోటారు జోరంతా పెంచాడు. మోటారుకేం, అడిగినంత తాగింది. కొండ సగంలో అతని బ్యాటరీ మీద ఎర్ర దీపం వెలిగి, అదీ ఆరిపోయింది.

క్లబ్బంతా చుట్టూ ఆగింది. ఎవరూ తమ బ్యాటరీ ఇస్తామనలేదు. ఆకాశం చాలా అందంగా ఉన్నట్టు అందరూ పైకి చూశారు.

"రూలు..." అని టాక్ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడే సున్రే వచ్చి ఆగింది.

"సున్రే గారూ," అన్నాడు ప్యో. ఆ 'గారు' అతని నోటి వెంట రావడం అదే మొదలు. "మీ బ్యాటరీ కాస్త ఇప్పించండి. పైకి చేరగానే ఇచ్చేస్తాను."

"మీ సైకిలుకి సరిపడదు సార్."

"తీగ కలిపితే అదే సరిపడుతుందమ్మా."

"వద్దు సార్, మీకెందుకు..."

ఆమె మాట పూర్తి కాకుండానే అతను వంగి పెట్టె మూత లాగేశాడు.

నువ్వుల నూనె వాసన గుప్పుమంది. లోపల వరసగా పేర్చిన కింబాప్ అన్నం ముక్కలు, పక్కన ఉడకబెట్టిన గుడ్లు. అందరూ ముందు పెట్టెను, తర్వాత సున్రే కాళ్ళను చూశారు.

సున్రే తీరిగ్గా ఒక గుడ్డు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

"తినండి ప్రెసిడెంటు గారూ. బస్సులో ఆకలేస్తుంది."