బావ చెవి దగ్గర బుడగ

చలికి తలుపులన్నీ బిగించుకుని అక్క పుట్టినరోజు చేస్తున్నాం. పేకాడుతున్న బావ వెనక నక్కి, ఆయన చెవి దగ్గరే బుడగ ఢామ్మని పేల్చాను.

అక్క చేతిలో టీ ఒలికింది. “నీ చేతులు పడిపోనూ! గుండె ఆగిపోయిందిరా కోతీ!”

బావ ఉలకలేదు. తాపీగా ముక్క వేసి తలెత్తాడు. అందరూ నవ్వడం చూశాక నవ్వాడు. నా జోకులకు ఇన్నేళ్లుగా ఆయన నవ్వేదీ అలాగే.

“బావా, నీ ముక్కలన్నీ కనపడుతున్నాయి!” అన్నాను వెనక నుంచే. ఆయన దాచుకోలేదు.

రేపు పొద్దున చూపు ఆనని మంచులో, హారన్లు వింటూ బడి బస్సు నడపాల్సింది ఆయనే. ముందు సీటు నా కూతురిది.

గోడకున్న బస్సు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

అక్క చూసి నవ్వింది. “మళ్లీ మొదలెట్టావురా!”