నారతాడు ముడులు

గంగ మొలకి అరవై ముడుల నారతాడు చుట్టి ఉండేది. రోజూ పొద్దున్నే అమ్మ ఎదుట ఒక ముడి విప్పాలి. ముడులన్నీ అయిపోయిన రోజున ఊరికి వెళ్ళిపోవచ్చు.

ఆ తాడు ఇచ్చింది డ్యాం పనికి కూలీలను తెచ్చిన మేస్త్రి అప్పారావు. స్వరాజ్యం వచ్చి నాలుగేళ్ళయినా అరకు కొండల మీదికి క్యాలెండరు రాలేదు. పెళ్ళికి పిలవాలన్నా అక్కడ ముడుల తాడే పంపుతారు. మైదానంవాడైనా మేస్త్రి ఆ కిటుకు పట్టేశాడు. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క కట్టి తాళ్ళు పంచాడు.

రాళ్ళు మొయ్యలేని పిల్లలు వద్దన్నదీ అతనే. అందుకని మొగుడు పోయిన సోములమ్మ పదేళ్ళ గంగని వెంటబెట్టుకుని, నాలుగేళ్ళ బుధుని అవ్వ దగ్గర వదిలి వచ్చింది. వాళ్ళ ఊరి నుంచి వచ్చింది వీళ్ళిద్దరే.

పనిచోటు చుట్టూ ముళ్ళకంచె. పెద్దవాళ్ళని దాటనివ్వరు. ఉప్పు కావాలంటే వారానికోసారి పిల్లలే సంతకి వెళ్ళాలి.

మొదట్లో గంగ తమ్ముడి మీద బెంగతో ఒకేసారి రెండు ముడులు విప్పేసి తన్నులు తినేది. ఒక సంతరోజు ఊరివాడు మంగ్లు కనిపించాడని వచ్చి చెప్పింది. అంతా బాగున్నారట. బుధు మేకల వెంట పరిగెడుతున్నాడట. ఆ సంబరంలో కాబోలు, ఉప్పు తేవడం మరిచిపోయింది. సోములమ్మ ఆ పూట చప్పిడి అంబలే ఆనందంగా తాగింది.

మూడు పున్నములు వెళ్ళాయి. తడిమి చూస్తే తాడుకి ఇంకా జానెడు మేర ముడులున్నాయి. బుధు కోసం దాచిన బెల్లం ముక్కకి చీమలు పట్టాయి. సోములమ్మకి మేస్త్రి మీద అనుమానం వచ్చింది. వెళ్ళి నిలదీసింది.

"తాడు మీ గుంట మొలకే ఉంది కదే. నానెప్పుడైనా ముట్టానా? ముడులైపోతే బేగి ఎల్లిపో" అన్నాడు మేస్త్రి.

నిజమే, అతను ముట్టలేదు. సోములమ్మకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూతురి మీదికి మళ్ళింది.

"తమ్ముణ్ణి సూడాలని నీకు లేదేటే?"

"ఉందమ్మా" అంది గంగ, తల ఎత్తకుండా.

కుండ తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. ఏటి ఒడ్డున, బండ చాటున కూర్చుని, అమ్మవారు పోసి బుధు చచ్చిపోయాడని మంగ్లు చెప్పిన నాటి నుంచీ చేస్తున్నట్టే, పొద్దున విప్పిన ముడిని మళ్ళీ వేసింది.