ఛార్జింగు మజిలీ

ఐవిన్ తన బ్యాటరీ విమానానికి తీగ తగిలించి ఇటు తిరగగానే, సిగ్రున్ ఛార్జింగు పెట్టె మీది మీటను మెల్లగా కిందికి తిప్పేసింది. ఇక గంటలో అయ్యే పని రెండు గంటలు పడుతుంది.

"ఛార్జింగు ఎంత మిగిలిందేమిటి?" అంది, ఏమీ ఎరగనట్టు.

"అడుగంటింది. ఈ చలికి బ్యాటరీ నీరసపడిపోతోంది," అన్నాడు ఐవిన్ చేతులు రుద్దుకుంటూ. "పైగా ఎదురుగాలి. ఇంకో అరగంటకు సరిపడా ఛార్జింగు అదనంగా చేతిలో లేకుండా నేను సముద్రం దాటను. చెప్పేశా."

"నిన్నెవరు దాటమన్నారు? లోపలికి రా, వాఫిల్ అట్లు చల్లారిపోతున్నాయి."

చేపల కార్ఖానా మూతపడ్డాక, నార్వే తీరాన ఆ చిన్న దీవిలో మిగిలింది సిగ్రున్ ఒక్కతే. రన్‌వే మీద మంచు తోయడం ఆమె ఉద్యోగం. ప్రతి శుక్రవారం అవతలి దీవులకు టపా పట్టుకెళ్లే ఐవిన్ మధ్యలో ఛార్జింగు కోసం ఇక్కడ దిగుతాడు. మిగతా రోజులన్నీ ఆమె రేడియోతో పోట్లాడుకుంటూ గడుపుతుంది. పనిమీద పోయే మనిషిని అలా కట్టేసి కూర్చోబెట్టడం తప్పని తెలుసు. అయినా చెయ్యి ఆగదు.

ఐవిన్ చీజ్ దట్టంగా పరుచుకుని ఇంకో వాఫిల్ అందుకున్నాడు.

"ఇంకా నిండలేదా?"

"ఎక్కడా? పాత పెట్టె కదా, నత్తనడక," అంది అతని కళ్లలోకి చూడకుండా.

"నాకేం తొందర లేదులే. కాఫీ ఉందా?"

కాఫీ పోస్తూ, సరుకులు తెచ్చే పడవవాళ్లు చెప్పిన మాట బయటపెట్టింది.

"కొత్త బ్యాటరీలు వచ్చాయటగా? మధ్యలో ఎక్కడా దిగక్కర్లేదట, ఒక్క ఊపున వెళ్లి వచ్చేయొచ్చట."

ఐవిన్ కప్పులోకి చూశాడు. "అంటున్నారు. వాళ్లదేం పోయింది."

"నీకూ పెడతారా?"

"చూద్దాం," అంటూ లేచి టోపీ పెట్టుకున్నాడు.

విమానం పెద్దగా చప్పుడు లేకుండానే వెళ్లిపోయింది. సిగ్రున్ కప్పులు రెండూ కడిగింది. ఇక రెండోదానితో పనుండదేమో అనుకునేసరికి ఏడుపొచ్చింది. ఉండబట్టలేక విమానాల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఐవిన్ విమానానికి కొత్త బ్యాటరీ ఎప్పుడు పెడుతున్నారమ్మా?"

అవతలి అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"అదేంటండీ, పోయిన వేసవిలోనే పెట్టేశాం కదా!"