కాలే చెత్తలో రేకు డబ్బా

సెరిజావా చెత్త సంచిలో మళ్ళీ రేకు డబ్బా కనిపించింది. ఈసారి మాకరెల్ చేపలది.

మంగళ, శుక్రవారాలు కాలే చెత్త, అంటే తీసుకెళ్ళి తగలబెట్టే చెత్త, ఎత్తే రోజులు; ఇవాళ మంగళవారం. కూరగాయల తొక్కులు, కాగితాలు, తిన్నాక పారేసే చెక్క పుల్లల వరకూ సరే. రేకు డబ్బాలకు వేరే రోజుంది, వేరే సంచి ఉంది, కడిగి మరీ వేయాలన్న నియమం ఉంది. అది తెలియనివాళ్ళు ఆ వీధిలో కాపురం చేయలేరు. లోపలున్నది బయటికి కనిపించే సంచి, దాని మీద నల్లటి అక్షరాలతో ఇంటివాళ్ళ పేరు. ఇక దొంగ కోసం వెతకక్కర్లేదు.

"చూశారా కినుయో గారూ! నెల తిరక్కుండా అయిదోసారి," అన్నాడు ఒకుబో. పోస్టాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఉత్తరాల మీద చిరునామాలు చదివిన కళ్ళతోనే ఇప్పుడు పక్కవాళ్ళ చెత్త చదువుతాడు.

కాకులు రాకుండా కప్పిన నీలం వల ఎత్తి పట్టుకుని కినుయో ఆ సంచిని ఇవతలికి లాగింది. చెత్త చూసే వంతు ఈ నెల నిజానికి ఒకుబోది. అడిగి మరీ తను పుచ్చుకుంది. తెల్లవారుతూనే అందరికన్నా ముందొచ్చి వల పరుస్తుంది. డెబ్బై మూడేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఈ చలిలో ఆవిడకిదేం సరదా అని వీధంతా నవ్వుకుంది.

"పోయినసారే ఆ ఇళ్ళ యజమానికి ఉత్తరం రాద్దామన్నాను. మీరే రాయనివ్వలేదు. ఇవాళ ఎర్ర కాగితం అంటించి వదిలేయండి. లారీవాళ్ళు ముట్టుకోరు. వాడి సంచి వాడి గుమ్మం ఎదురుగా కంపు కొడితే అప్పుడు తెలిసొస్తుంది."

"వంతు నాది కదా, నేను చూసుకుంటా లెండి."

"ఏం చూసుకుంటారు? మళ్ళీ వెళ్ళి తలుపు బాదుతారు. అంతేగా!"

అప్పటికి ఏడూ నలభై. లారీ ఎనిమిదింటికి వస్తుంది. కినుయో సంచి పట్టుకుని ఎదురుగా ఉన్న రెండంతస్తుల అద్దె ఇళ్ళ ఇనుప మెట్లు ఎక్కింది. రెండు మెట్లకోసారి ఆగింది.

సెరిజావా తలుపు పక్కన భోజనం ప్యాకెట్టు ఉంది. నిన్న రాత్రి ఎవరో తెచ్చి పెట్టి వెళ్ళినట్టున్నారు. విప్పలేదు.

గంట నొక్కింది. జవాబు లేదు. మళ్ళీ నొక్కింది.

వసంతంలో ఉద్యోగం పోయినప్పటి నుంచీ అతను గడప దాటడం మానేశాడు. తిండి గుమ్మం దగ్గరికే వస్తుంది. సంచి ముందురోజు చీకటి పడ్డాక కింద పెట్టి పోతాడు. అదీ నియమానికి విరుద్ధమే. నిన్న సాయంత్రం సంచి పెట్టాక అతన్ని చూసినవాళ్ళు లేరు.

సరిగ్గా ఆ గది కిందే నుమాతా అనే ఆయన ఒంటరిగా ఉండేవాడు. కిందటి వేసవిలో ఆయన గదిలోనే చనిపోయిన సంగతి వీధికి తెలియడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆయన చెత్త ఎప్పుడూ కొలిచినట్టు వేరుచేసి ఉండేది. దాంతో ఆయన తలుపు తట్టాల్సిన పని ఎవరికీ పడలేదు.

కినుయో పిడికిలి బిగించి తలుపు బాదింది.

"ఏమయ్యా! వినబడటం లేదా? నీ చెత్తతో నన్ను చంపుతావా ఏం? బయటికి రా!"

పక్క గది తలుపు తెరుచుకుని, ఆవిడని చూసి, టక్కున మూసుకుంది.

"లారీ మలుపు తిరిగింది!" కింద నుంచి ఒకుబో అరిచాడు.

కినుయో తలుపుకు చెవి ఆనించింది. లోపల చడీచప్పుడూ లేదు. భయమేసింది.

"ఒకుబో గారూ! గునపం పట్రండి!"

"గునపమా? డబ్బా కోసం తలుపు పగలగొడతారా?"

"తెమ్మంటుంటే!"

అప్పుడు లోపల గొలుసు కదిలింది. తలుపు జానెడు తెరుచుకుంది. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు, పోయిన వారం చూసిన స్వెట్టరే.

"క్షమించండి మామ్మగారూ. చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకున్నాను."

కినుయో అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ తర్వాత ఎక్కడ లేని కోపమూ వచ్చింది.

"పాటలట పాటలు! ఇదేమిటిది?" సంచి అతని ముఖం ముందు ఊపింది. "కాలే చెత్తలో రేకు డబ్బా!"

"ఇది నాది కాదండీ. నేనసలు చేపలే తినను."

"సంచి మీద పేరెవరిది?"

"నాదే."

"మరింకేం? కూర్చో. విప్పు."

అతను గుమ్మంలో గొంతుక్కూర్చుని ముడి విప్పాడు. డబ్బా తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి అయోమయంగా చూశాడు.

"రాత్రి తినలేదేం?"

"ఆకలి లేదండీ."

"అది వేడి చేసుకుని తిను. తిన్నాక ఆ జుట్టు కత్తిరించుకో, చూడలేకపోతున్నాను. శుక్రవారం మళ్ళీ ఇలాంటిది కనిపించిందో, ఊరుకోను."

"కనిపించదండీ." అతని పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది. "ఆ గునపంతో నిజంగానే తలుపు పగలగొట్టేవారా?"

"లారీ పోతోంది, పరుగెత్తు!"

చెప్పులు టపటపలాడించుకుంటూ అతను మెట్లు దిగాడు. సంచి లారీవాళ్ళకి అందించి తలవంచి దండం పెట్టాడు. ఒకుబో అతన్ని ఎండలో నిలబెట్టి పావుగంట నియమాలు చదివాడు. అతను ప్రతిదానికీ "సరేనండీ" అంటూ నిలబడ్డాడు.

"బాగానే తలంటారు," అన్నాడు ఒకుబో, కినుయో దిగి వచ్చాక. "ఈసారికి బుద్ధి వచ్చినట్టేనా?"

"ఎక్కడ? చాలా కాలం పట్టేట్టుంది," అని మోకాళ్ళు రుద్దుకుంటూ ఆవిడ ఇంటిదారి పట్టింది.

మధ్యాహ్నం అన్నంలోకి ఇంకో చేపల డబ్బా తెరిచి, తినడం అయ్యాక ఖాళీ డబ్బాను శుభ్రంగా కడిగి, శుక్రవారం తెల్లవారగానే సెరిజావా సంచి ముడి విప్పి అందులో వేయడానికి కిటికీలో ఆరబెట్టింది కినుయో.