మేక కొరికిన గోంగూర

కుందేలు మొదటిసారి పెరట్లో గోంగూర వేస్తే మొలిచింది ఒక్కటే మొక్క. అది కర్రలా నిటారుగా పెరిగింది. ముద్దుకొద్దీ కుందేలు ఒక్క ఆకైనా తుంచలేదు.

ఓరోజు మేక పిన్ని కంచె మీదుగా మెడ చాపి మొక్క చివురు కొరికేసింది. కుందేలు పెట్టిన కేకకి పారిపోయింది. ఉన్న ఒక్క మొక్కా పోయిందని కుందేలు ఆ పూట అన్నం ముట్టలేదు.

కొన్నాళ్లకి ఏమైందో చూడండి పిల్లలూ. కొరికిన చోటికి కిందుగా, ప్రతి ఆకు మొదట్లోనూ ఓ కొమ్మ వచ్చింది. మొక్క గుబురుగా పొదైపోయింది.

కుందేలు ఓ కట్ట గోంగూర పట్టుకుని మేక ఇంటికి వెళ్లింది. "పిన్నీ, ఎంతవరకు కొరకాలో నీకెలా తెలిసింది?"

"నాకేం తెలుసమ్మా? నువ్వు అరవకపోతే మొదలంటా తినేదాన్నే."

కుందేలు గోంగూర కట్ట మేక ముందు పెట్టింది.

"అయితే ఏపుగా పెరిగాక మళ్లీ రా పిన్నీ. నువ్వు కొరుకు, నేను అరుస్తాను."